సాలా డేంగ్ మెట్ల దాకా నడిచిన ఆ నలభై అడుగులు

ప్రశ్న: అన్నా, నాకు 29 ఏళ్ళు. మాది భీమవరం పక్కన పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. రెండు నెలల క్రితం ఆఫీసు ఫ్రెండ్స్‌తో బ్యాంకాక్ వెళ్ళా. వాళ్ళు రెండు రోజులకి పట్టాయా బయల్దేరితే కడుపులో బాలేదని చెప్పి రూమ్‌లో ఆగిపోయా, సాయంత్రం ఒక్కడినే రైలెక్కి సీలోమ్ సోయ్ 4 అనే సందుకి వెళ్ళా, అక్కడ గే బార్లు ఉంటాయని ఎప్పట్నించో ఫోన్లో చదువుతున్నా. మొదటిరోజు పేరడిగితే అబద్ధం చెప్పా, రెండోరోజు నిజం పేరు చెప్పా. అక్కడ పరిచయమైన థాయ్ అబ్బాయి స్టేషన్ దాకా దిగబెడతానని చెయ్యి పట్టుకుని రోడ్డు మీద నడిచాడు, ఎవరూ తిరిగి చూడలేదు. శంషాబాద్‌లో దిగి లైన్లో నుంచోగానే భుజాలు మళ్ళీ బిగుసుకుపోయాయి. అప్పట్నించీ ఊపిరాడట్లేదు. అక్కడున్నవాడు నేనా, ఇక్కడున్నవాడు నేనా? అసలు వెళ్ళకుండా ఉంటే బాగుండేదేమో. ఇంట్లో సంబంధం చూసారు, మాఘమాసంలో పెట్టుకుందాం అంటున్నారు. అన్నీ వదిలేసి అక్కడికే పోదామనిపిస్తోంది. ఏం చెయ్యను?

సమాధానం:

తమ్ముడూ, నీ మెయిల్ మూడుసార్లు చదివా, పైన వేసింది అందులో నాలుగో వంతు కూడా కాదు, నువ్వు అడిగావని ఊరి పేరూ ఆఫీసు సంగతులూ తీసేసా. చదువుతుంటే ఒకటి గమనించా. బార్ల గురించి రెండే లైన్లు రాసావు, మందు గురించి ఒక్క లైను. ఆ నడక గురించి మాత్రం పేజీన్నర రాసావు. సోయ్ మొదట్లోంచి సాలా డేంగ్ స్టేషన్ మెట్ల దాకా నలభై అడుగులుంటాయేమో అన్నావు, అతని అరచెయ్యి చెమటగా ఉందన్నావు, పక్కన మామిడికాయ ముక్కలమ్మే బండావిడ మీ ఇద్దరినీ చూసి మళ్ళీ కాయ చెక్కు తీసుకోవడంలో పడిపోయిందన్నావు, నీకు ఏడుపొచ్చింది ఆవిడ వల్లే అన్నావు. ఇంకెక్కడా వెతుక్కోనక్కర్లేదు, నీ ప్రశ్నకి సగం జవాబు ఆ బండి దగ్గరే ఉంది.

మనం పుట్టినదగ్గర్నించీ ఎవరో ఒకరి చూపులో పెరిగాం కదా, ఎవరి అబ్బాయివి, ఎవరి తాలూకు, ఎందుకలా నడుస్తున్నాడు, గొంతేంటి అలా ఉంది, ఆడపిల్లలతో ఆటలేంటి, ఇవన్నీ పదేళ్ళ వయసులోనే విని మన నడక మనమే దిద్దుకున్నాం, చేతులూపడం తగ్గించాం, నవ్వడం తగ్గించాం, క్రికెట్ ఇష్టం లేకపోయినా స్కోరడిగాం. ఇరవయ్యేళ్ళు అలా చేస్తే అది అలవాటైపోయి ఒంట్లో కలిసిపోతుంది, బిగుసుకున్నామన్న సంగతే తెలీదు. ఎక్కడో ఓ మామిడికాయలావిడ చూసి కూడా పట్టించుకోకుండా వదిలేసినప్పుడు మొట్టమొదటిసారి భుజాలు కిందికి దిగుతాయి, అప్పుడు తెలుస్తుంది ఇన్నాళ్ళూ అవి పైకి ఉన్నాయని. శంషాబాద్‌లో అవి మళ్ళీ లేచాయి అంటే నువ్వు మళ్ళీ అబద్ధమైపోయావని కాదు, ఇప్పుడు నీకు తెలుస్తోంది, అంతే తేడా. వెళ్ళకముందు ఊపిరి ఆడిందని అనుకుంటున్నావు కానీ అప్పుడూ ఆడలేదు, ఆడకపోవడమే ఊపిరి అనుకున్నావు.

నా సంగతి చెప్తా. నేను రాజమండ్రి వాణ్ణి, 1999లో కంపెనీ పంపిస్తే కాలిఫోర్నియా వెళ్ళా, ఫ్రీమాంట్‌లో ఇంకో ముగ్గురు తెలుగు కుర్రాళ్ళతో కలిసి ఉండేవాణ్ణి. నాకప్పుడు 27. శాన్‌ఫ్రాన్సిస్కోలో కాస్ట్రో అనే గేల పేట ఉందని అంతకుముందే తెలుసు. ఓ శనివారం గుడికి వెళ్తున్నానని చెప్పి బార్ట్ రైలెక్కి, ఊళ్ళోకెళ్ళాక మ్యూనీ రైలు మారి కాస్ట్రో స్టేషన్లో దిగా. మెట్లెక్కి పైకి రాగానే నెత్తి మీద ఎంత పెద్ద జెండానో, గేల గుర్తుగా ఎగరేసే ఆరు రంగులది, గాలికి అది కొట్టుకుంటున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అది చూడగానే సంతోషం వెయ్యలేదు, భయమేసింది, ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తారేమో అని. ఎదురుగా మూల మీద ట్విన్ పీక్స్ అని ఒక బార్ ఉంటుంది, గోడల్లేవు అన్నట్టు ఈ చివర్నించి ఆ చివరిదాకా అద్దాలే. అవతలి ఫుట్‌పాత్ మీద బస్సు కోసం చూస్తున్నవాడిలా నుంచుని గంటన్నర ఆ అద్దాల్లోకి చూసా, లోపలికి పోవడానికి కాళ్ళు రాలేదు, తిరిగొచ్చేసా. మళ్ళీ శనివారం అంతే. నాలుగో శనివారం లోపలికెళ్ళా.

ఆ అద్దాల కథ నాకు తర్వాత తెలిసింది. ఒకప్పుడు అమెరికాలో గే బార్లంటే కిటికీలకి నల్ల రంగేసో చెక్కలు కొట్టో ఉండేవి, పోలీసులొచ్చి పడేవాళ్ళు, లోపలున్నవాళ్ళ పేర్లు పేపర్లో పడితే ఉద్యోగం పోయేది, అందుకని బయటివాళ్ళకి లోపల ఎవరున్నారో కనపడకూడదు. 1972లో ఇద్దరు ఆడవాళ్ళు, స్నేహితులు, ఈ బార్ తీసుకుని వీధి వైపు కిటికీలన్నీ తెరిచి పెద్ద పెద్ద అద్దాలు పెట్టారు. లోపల కూర్చున్నవాడు రోడ్డుకి కనపడతాడు. కనపడినా ఫర్లేదు అనుకున్నవాడే అందులో కూర్చోగలడు. నేను అవతల ఫుట్‌పాత్ మీద మూడు వారాలు నుంచుంది ఆ ఒక్క ముక్క దగ్గరే.

కానీ నన్ను మార్చింది అద్దాలు కాదు, అద్దాల వెనక కూర్చున్నవాళ్ళు. అది కుర్రాళ్ళు డాన్స్ చేసే చోటు కాదు, ఎక్కువగా పెద్దవాళ్ళే వస్తారు. రెండో శనివారం అనుకుంటా, కిటికీ పక్కన ఇద్దరు ముసలాళ్ళు, డెబ్భై దగ్గరుంటాయి, చెరో కప్పు పెట్టుకుని కూర్చున్నారు. మాట్లాడుకోవట్లేదు. ఒకాయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు, రెండో ఆయన చూడకుండానే దాన్ని తీసుకుని చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ అక్కడే పెట్టాడు. అంతే. మా అమ్మమ్మా తాతయ్యా అలాగే ఉండేవాళ్ళు, ఆయన మందుల డబ్బా ఎక్కడుందో ఆవిడకి తెలుసు. తమ్ముడూ, 27 ఏళ్ళు వచ్చేదాకా నాలాంటి మగవాడు ముసలాడవుతాడన్న సంగతి నా బుర్రకి తట్టలేదు, నిజంగా తట్టలేదు, నేను చూసిన కథల్లో మనలాంటోడు కామెడీకన్నా వస్తాడు, చచ్చిపోనన్నా పోతాడు. నాకు ముప్ఫై తర్వాత ఏముంటుందో ఊహే లేదు, ఖాళీ కాగితం. ఆ కళ్ళజోడు చూసాక ఆ కాగితం మీద మొదటి గీత పడింది. ఆ ఇద్దరూ అక్కడ ఉండటం ఎంత పెద్ద సంగతో కూడా తర్వాతే తెలిసింది, 1981 నించి పదిహేనేళ్ళ పాటు ఎయిడ్స్ ఆ పేటని ఊడ్చుకుపోయింది, 1996 ప్రాంతంలో మంచి మందులొచ్చేదాకా వారం వారం స్నేహితుల అంత్యక్రియలే, ఆ పేటలో ముసలాడు కావడమంటే బతికి బట్టకట్టడమే.

అందుకే ఇలాంటి చోట్ల గురించి ఎవరైనా "ఆ, బార్లే కదా, తాగి తిరగడమే కదా" అంటే నాకు కోపమొస్తుంది. అక్కడ మనకి దొరికేది మందు కాదు, ముందు రోజుల్లో మనం ఎలా ఉండొచ్చో చూపించే మనుషులు. మిగతావాళ్ళకి అది ఇంట్లోనే దొరుకుతుంది, అమ్మానాన్నల్ని చూసి, బాబాయి పెళ్ళి చూసి, పక్కింటి గొడవలు చూసి. మనకి అది దొరకాలంటే రైలెక్కాలి, విమానం ఎక్కాలి.

ఇంకో సంగతి. నువ్వు "అక్కడివాడినా ఇక్కడివాడినా" అన్నావు చూడు, అసలు అక్కడ అక్కడివాళ్ళు ఎవరున్నారు? కాస్ట్రో పుట్టుకతో గే పేట కాదు, ఐరిష్ కూలీ కుటుంబాలుండే పేట, 60ల్లో వాళ్ళు ఊరి బయటికి వెళ్ళిపోతుంటే ఇళ్ళు చవగ్గా దొరికాయి, దేశం నలుమూలల్నించీ మగపిల్లలు పెట్టెలు పట్టుకుని దిగారు. అంతకుముందు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇలాంటివాళ్ళని మిలిటరీలోంచి తీసేసి చేతికో నీలం కాగితమిచ్చి పంపేవాళ్ళు, ఆ కాగితం పట్టుకుని ఇంటికెళ్ళి ఏం చెప్తారు, ఓడ దిగిన ఊళ్ళోనే ఉండిపోయారు చాలామంది. హార్వే మిల్క్ పేరు వినే ఉంటావు, తను గేనని బాహాటంగా చెప్పుకున్న నాయకుడు, ఆయన కూడా న్యూయార్క్ మనిషి, అక్కడ ఉన్నన్నాళ్ళూ ఇంట్లోవాళ్ళకి తెలీకుండానే బతికాడు, నలభై దాటాక 1972లో శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చి కెమెరా షాపు పెట్టుకుని, 1977లో నగర పాలక మండలికి గెలిచాడు, ఏడాది తిరిగీ తిరక్కుండానే 1978 నవంబర్‌లో ఆయన్ని కాల్చి చంపేసారు. ఆయన కూడా వలసొచ్చినవాడే.

సీలోమ్ కూడా అంతే. నీ చెయ్యి పట్టుకున్న అబ్బాయిది ఖోన్ కేన్ అని రాసావు. అది బ్యాంకాక్ కాదు కదా, ఈశాన్ అంటారు, వరి పండించే ప్రాంతం, అక్కడి పిల్లలు పనుల కోసం బ్యాంకాక్ వస్తారు, మనవాళ్ళు శ్రీకాకుళం నించి హైదరాబాద్ వచ్చినట్టే. వాళ్ళమ్మకి తెలుసా అని నువ్వడిగితే నవ్వి, తెలుసేమో, నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు అన్నాడన్నావు. చూడు, థాయిలాండ్‌లో 2025 జనవరి 23 నుంచి ఇద్దరు మగవాళ్ళు చట్టప్రకారం పెళ్ళి చేసుకోవచ్చు, ఆగ్నేయాసియాలో అదే మొదటి దేశం, ఆ అబ్బాయి రేపు రిజిస్టర్ ఆఫీసుకెళ్ళి సంతకం పెట్టొచ్చు, కానీ ఊళ్ళో అమ్మకి ఇంకా నోటితో చెప్పలేదు. నీకు స్వర్గంలా కనపడిన చోట నీ చెయ్యి పట్టుకున్నవాడికీ నీ బాధే ఉంది. అతను కూడా తన ఊళ్ళో బస్సు దిగగానే భుజాలు బిగిస్తాడేమో. అంటే ఆ సందు ఎవరి ఊరూ కాదు, అందరూ కాసేపు ఊపిరి తీసుకోవడానికి వచ్చే అరుగు. ఆ సందులోనే ఒక పబ్‌లో ఒకప్పుడు టేబుల్ టేబుల్‌కీ నంబరేసిన ఫోన్లుండేవి, లేచెళ్ళి పలకరించే ధైర్యం లేనివాళ్ళు పక్క టేబుల్‌కి ఫోన్ చేసేవాళ్ళు. భయస్తుల కోసమే కట్టుకున్న చోట్లు ఇవి. నువ్వు మొదటిరోజు దొంగపేరు చెప్పినందుకు అంత సిగ్గుపడ్డావు కానీ అక్కడున్న సగంమంది మొదటిరోజు అదే చేసుంటారు.

ఇప్పుడు కొంచెం చేదు మాట. అక్కడున్న నువ్వే అసలు నువ్వు అని మాత్రం అనుకోకు. అక్కడ నువ్వు టూరిస్టువి, జేబులో డబ్బులున్నాయి, సెలవుల్లో ఉన్నావు, పొద్దున లేస్తే ఆఫీసు లేదు, అమ్మ ఫోన్ సైలెంట్‌లో ఉంది. అయిదు రోజులు ఎవడైనా ధైర్యంగా ఉండగలడు. అక్కడే ఆర్నెల్లుంటే అద్దె కట్టాలి, జ్వరమొస్తుంది, ఒంటరితనం వస్తుంది, ఆ సందులోకి వచ్చేవాళ్ళు కూడా నిన్ను రంగు చూసి, ఒళ్ళు చూసి, దేశం చూసి పక్కన పెట్టడం మొదలెడతారు. నాకు జరిగింది అది. కాస్ట్రోలో మొదటి రెండేళ్ళు ఎవరూ నన్ను మనిషిగా చూసి పలకరించలేదు, చీదరించుకోనూ లేదు, కనపడనట్టు ఉండేవాళ్ళు అంతే. ఆన్‌లైన్ ప్రకటనల్లో ఆసియా వాళ్ళు వద్దు అని సిగ్గులేకుండా రాసేవాళ్ళు. దాంతో నేనేం చేసానంటే వాళ్ళలా అవ్వడానికి చూసా, పేరు సగానికి కోసి చెప్పా, యాస మార్చా, కూర డబ్బా ఆఫీసుకి తీసుకెళ్ళడం మానేసా వాసనొస్తానేమో అని, మీసం తీసేసా, మీసమంటే మా నాన్నగారికి ఎంత ఇష్టమో. ఊళ్ళో మగాడిలా నటించా, అక్కడ గేలా నటించా, రెండు చోట్లా నటనే. ఇలాంటి చోట్లు మనిషిని తయారుచేస్తాయి, నిజమే, కానీ ఒక్కోసారి తప్పుగా కూడా తయారుచేస్తాయి, మనం వాళ్ళ చేతుల్లో పెట్టేసి ఊరుకుంటే.

నన్ను అందులోంచి బయటికి లాగింది ఒక పులిహోర. త్రికోణ్ అని 1986 నించి అక్కడ మన దేశాలవాళ్ళ కోసం నడుస్తున్న గే సంస్థ ఉండేది, వాళ్ళు పెట్టుకునే, తలా ఒకటి వండుకొచ్చి తినే కలయికకి ఒకసారి వెళ్ళా. లక్నో అతను, కరాచీ అతను, ఇద్దరు తమిళ అమ్మాయిలు, అందరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు, అంతలో టేబుల్ మీద పులిహోర కనపడింది, ఇంగువ పోపు, వేరుశెనగ గుళ్ళు, ఎండుమిరపకాయ మధ్యకి తుంపి వేసిన పులిహోర, అది తమిళులది కాదు, మనదే. ఎవరు తెచ్చారని అడిగితే వెనకనించి నలభై ఏళ్ళాయన "ఏవండీ, మీదే ఊరు?" అన్నాడు. ఆ మాట వింటే చిన్నప్పట్నించీ నాకు గుండె దడ, ఊరు చెప్తే ఇంటిపేరు అడుగుతారు, ఇంటిపేరు చెప్తే ఎవరో ఒక చుట్టం తేలతాడు, కబురు ఇంటికి పోతుంది. ఆ రోజు మొట్టమొదటిసారి దడ రాలేదు. రాజమండ్రి అండీ అన్నా. ఆయనది మచిలీపట్నం. ఆ మధ్యాహ్నం నేను జీవితంలో తొలిసారి తెలుగులో నా సంగతి నేను చెప్పుకున్నా. నాకు మగవాళ్ళంటేనే ఇష్టమండీ, చిన్నప్పట్నించీ. ఇంగ్లీషులో ఆ మాట అప్పటికి వందసార్లు చెప్పుంటా, ఏమీ అనిపించలేదు. తెలుగులో చెప్తుంటే గొంతు పూడుకుపోయింది.

నీకు నేను చెప్పాలనుకున్నది అంతా ఇదే. నీ మెయిల్ అంతా తెలుగులో ఉంది, గోదావరి జిల్లా తెలుగు, చదువుతుంటే మా వీధి గుర్తొచ్చింది. అందులో గే అన్న మాట ఎనిమిదిసార్లొచ్చింది, ఎనిమిదిసార్లూ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసావు, ఫోన్ కీబోర్డు మార్చి మరీ రాసావు. (పైన నీ ప్రశ్నలో తెలుగులోకి మార్చింది నేనే.) ఎందుకో నాకు తెలుసు. తెలుగులో మనకి ఉన్న మాటలేంటి? తేడాగాడు, పాయింట్ ఫైవ్, ఇంకా నోటితో అనలేనివి. పేపర్లో వేసే పెద్దమాటేమో స్వలింగ సంపర్కుడు, మనిషంతా పోయి మంచం మీద జరిగేది ఒక్కటే మిగిలిన మాట అది, ఎవడు మాత్రం దాన్ని తన పేరుగా చెప్పుకుంటాడు. అందుకని మనలో ఆ మనిషి ఇంగ్లీషులో పుడతాడు, ఇంగ్లీషులోనే తిరుగుతాడు, బ్యాంకాక్‌లో నీ పేరు నిజం చెప్పినవాడు కూడా ఇంగ్లీషువాడే. తెలుగువాడేమో అమ్మతో ఫోన్లో "ఆ, తిన్నానమ్మా" అంటూ వేరే గదిలో ఉండిపోయాడు. నీలో ఇద్దరున్నారని నీకనిపించడానికి కారణం ఊళ్ళు కాదు, వాళ్ళిద్దరూ ఒక భాషలో ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

అందుకని ముందు చెయ్యాల్సిన పని చాలా చిన్నది. గది తలుపేసుకుని, ఎవరూ లేనప్పుడు, బయటికి వినపడేలా తెలుగులో అను. నేను గేని అను, లేకపోతే నాకు మగవాళ్ళంటే ప్రేమ అను, నీకు ఏది నోరు తిరిగితే అది. మొదటిరోజు నోరు రాదు. వారం రోజులు ప్రయత్నించు. తర్వాత ఒక్క మనిషికి చెప్పు, తెలుగులోనే.

ఆ మనిషి ఎవరన్నది నీ మెయిల్లోనే ఉంది, మీ అక్క. నువ్వు పదో తరగతిలో ఉన్నప్పుడు నీ ఫ్రెండ్ ఊరొదిలి వెళ్ళిపోతే నువ్వు మూడు రోజులు అన్నం తినలేదనీ, అందరూ పరీక్షల టెన్షన్ అనుకుంటే అక్క ఒక్కతే ఏమీ అడక్కుండా నీ పక్కన పడుకుందనీ రాసావు. ఆవిడకి ఎప్పుడో సగం తెలుసు తమ్ముడూ. నేను కూడా మా అక్కకే చెప్పా, 2004లో సెలవుకొచ్చినప్పుడు, పుష్కరాల రేవు మెట్ల మీద కూర్చుని, సాయంత్రం లాంచీలు తిరిగొచ్చే వేళ. చాలాసేపు ఏమీ అనలేదు, చెప్పులు విప్పి కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకుంది. నేను ఎదురుచూసిన ప్రశ్నలు ఏవీ అడగలేదు. ఆఖరికి ఒకటే అడిగింది, "మరి అక్కడ నీకు జ్వరమొస్తే ఎవరు చూస్తార్రా?" అని. దానికి నా దగ్గర జవాబుంది. ట్విన్ పీక్స్ అద్దాల వెనక ఆ ఇద్దరి సంగతీ, ఆ కళ్ళజోడు సంగతీ చెప్పా. తుడిచి మళ్ళీ అక్కడే పెట్టాడే అక్కా, చూడకుండానే, అన్నా. అక్క ఏడ్చింది, కాసేపటికి "అలాంటోడు దొరికితే నాకు చూపించు" అంది. నేను అంతదూరం పోయి ఆ చోటు చూసి రాకపోతే ఆ ప్రశ్నకి నా దగ్గర ఏ జవాబూ ఉండేది కాదు. ప్రయాణం నాకిచ్చింది అది.

ఇక పెళ్ళి. దీని మీద నేను మెత్తగా మాట్లాడను. మాఘమాసంలో ఆ పెళ్ళి జరక్కూడదు. నీ కోసం కాదు, నిన్ను నువ్వు ఎంతైనా కష్టపెట్టుకో అది నీ ఇష్టం, ఆ అమ్మాయి కోసం. ఆవిడకి కూడా ఒక్కటే జీవితం, తనని కోరుకునేవాడు పక్కన ఉండాలని ఆవిడకీ ఉంటుంది, నీ భయానికి ఆవిడ చేత వెల కట్టించొద్దు. పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయని చెప్పేవాళ్ళ మాట నమ్మి చేసుకున్నవాళ్ళని నేను చాలామందిని చూసా, ఒక్కచోట కూడా సర్దుకోలేదు, రెండు కుటుంబాలు నలిగిపోయాయి. ఇంట్లో అన్నీ ఇప్పుడే చెప్పెయ్యమని కూడా అనను, అక్కకి ముందు చెప్పి, అక్క సాయంతో సంబంధం వరకు ఆపించు. "నాకు ఇష్టం లేదు, బలవంతపెట్టొద్దు" అనే మాట చాలు ప్రస్తుతానికి. నిశ్చితార్థం అయ్యాక ఆపడం కన్నా ఇప్పుడు ఆపడం వెయ్యిరెట్లు నయం. ఎవరైనా డాక్టర్ దగ్గర బాగుచేయిస్తాం అంటే అది రోగం కాదని చెప్పు, మార్చేస్తానని వైద్యం చెయ్యడం తప్పని డాక్టర్ల మీద అజమాయిషీ చేసే నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పిందని చెప్పు.

అన్నీ వదిలేసి వెళ్ళిపోతా అన్నావు. వెళ్ళడం తప్పు కాదు, పిరికితనమూ కాదు, ఉన్నచోట ప్రాణానికే ముప్పుంటే ఆ రాత్రికే వెళ్ళిపోవాలి. కానీ నీకు అలాంటి ముప్పు లేదని నువ్వే రాసావు. అలాంటప్పుడు మంచి ఉద్యోగం చూసుకుని, చెప్పాల్సినవాళ్ళకి చెప్పి వెళ్ళు, పారిపోయినట్టు కాదు. పారిపోయినవాడు ఎక్కడికెళ్ళినా అమ్మ ఫోన్ మోగినప్పుడల్లా దొంగలా ఉలిక్కిపడతాడు, పదకొండేళ్ళు అలా ఉలిక్కిపడినవాణ్ణి చెప్తున్నా. నాన్నగారికి పక్షవాతం వచ్చాక 2010లో నేను తిరిగొచ్చేసా. ఇక్కడేముందిలే అనుకుంటూనే వచ్చా. 2013లో హైదరాబాద్‌లో మొదటిసారి ప్రైడ్ ఊరేగింపు, అంటే మనలాంటివాళ్ళు బయటికొచ్చి నడిచే ఊరేగింపు, జరిగింది, కొంతమంది మొహానికి మాస్కులు కట్టుకున్నారు, నేనూ కట్టుకున్నా, అయినా మా భాషలో, మా ఊరి డప్పులకి, నావాళ్ళతో నడిచా. అదే ఏడాది డిసెంబర్ 11న సుప్రీంకోర్టు మమ్మల్ని మళ్ళీ నేరస్తుల్ని చేసింది, 2009లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఊరట పోయింది, ఆ రాత్రి ఒక ఫ్రెండ్ ఇంట్లో పదిమందిమి కూర్చుని ఎవరం మాట్లాడుకోలేదు. 2018 సెప్టెంబర్ 6న, మమ్మల్ని నేరస్తుల్ని చేసిన 377 సెక్షన్ ఇక మా మీద చెల్లదని సుప్రీంకోర్టు చెప్పిన రోజు అదే ఇంట్లో అదే హాల్లో స్వీట్లు పంచుకున్నాం. పెళ్ళి హక్కు మాత్రం 2023లో కోర్టు ఇవ్వలేదు, అది ఇంకా ఉంది ముందు. నేను చెప్పేదేంటంటే ఆ హాలే నా కాస్ట్రో. బోర్డు లేదు, జెండా లేదు, చాప పరిచి పేకాడుకుంటాం, ఎవరికైనా ఒంట్లో బాలేకపోతే వంతులేసుకుని ఆసుపత్రిలో పడుకుంటాం. కోల్‌కతాలో 1999లో మన దేశంలో మొదటి ప్రైడ్ నడిచినప్పుడు ఉన్నది పదిహేను మంది. బెంగుళూరులో గుడ్ యాజ్ యూ అని 1994 నించి గురువారం గురువారం కూర్చునే గుంపు ఉంది. ఎక్కడైనా ఇలాగే మొదలైంది, ఎవరో ఒకరి ఇంట్లో.

హైదరాబాద్‌లో ఇప్పుడు నీకు గ్రూపులు దొరుకుతాయి, కలిసి కాఫీలు తాగేవాళ్ళు, పుస్తకాలు చదివేవాళ్ళు, ట్రెక్కింగులకి పోయేవాళ్ళు. ముందు అలాంటి గుంపులోకి వెళ్ళు, డేటింగ్ యాప్‌ల కన్నా ముందు. యాప్‌లలో పరిచయమైనవాణ్ణి మొదటిసారి నలుగురూ తిరిగే చోటే కలువు, రూమ్‌కి పిలవకు, వాళ్ళ రూమ్‌కి పోకు, మొహం కనపడే ఫొటోలు పంపకు, మనవాళ్ళ భయాన్ని పట్టుకుని డబ్బులు గుంజే ముఠాలున్నాయి. ఎవడైనా బెదిరిస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వకు, ఇచ్చావంటే ఆగడు, మెసేజ్‌లు దాచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. నువ్వు గే అవ్వడం నేరం కాదు, వాడు చేసేదే నేరం. ఊపిరాడట్లేదు అన్న మాట కూడా నేను తేలిగ్గా తీసుకోవట్లేదు, రాత్రిపూట మరీ బరువుగా ఉంటే 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ళది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు.

ఒకటి మర్చిపోయా. సీలోమ్ రోడ్డు మీద మారియమ్మ గుడి చూసానని, సోయ్ 4కి వెళ్ళొచ్చిన ఒంటితో లోపలికి పోవడానికి మనసొప్పక అవతలి వైపునించే దండం పెట్టుకుని వచ్చేసానని రాసావు. ఆ గుడి నాకు తెలుసు, వందేళ్ళకి పైగా అయింది తమిళులు కట్టుకుని, ఇప్పుడు థాయ్ వాళ్ళే బంతిపూల దండలు పట్టుకుని ఎక్కువగా వస్తారు, దసరాకి ఆ రోడ్డంతా ఆపేసి ఊరేగింపు చేస్తారు. నీ సందుకీ ఆ గుడికీ మధ్య ఒకటే రోడ్డు, పావుగంట నడక. ఎవరెవరో ఎక్కడెక్కడినించో వచ్చి ఆవిణ్ణి అక్కడ నిలబెట్టుకున్నారు, నువ్వు ఎక్కడికెళ్ళి వచ్చావో ఆవిడ అడిగేది కాదు. ఈసారి వెళ్ళినప్పుడు లోపలికి వెళ్ళు, కుదిరితే ఆ ఖోన్ కేన్ అబ్బాయిని కూడా తీసుకెళ్ళు.

అక్కతో ఎప్పుడు మాట్లాడతావో, ఏమందో నాకు రాయి. సంక్రాంతికి ఊరెళ్తావు కదా, అదే మంచి సమయం, భోగి రోజు తెల్లారగట్ట ఇంట్లో మీరిద్దరే ముందు లేస్తారన్నావు. వచ్చే మెయిల్లో మాత్రం ఆ మాట తెలుగులో రాయి, కీబోర్డు మార్చకుండా.